పొగాకు మూట పెట్టింది నేనే

ఎనిమిదేళ్ళుగా ఒక రేకు డబ్బా నా నెత్తి మీద ఉంది. మాటవరసకి అనడం కాదు, నిజంగా నెత్తి మీదే. లైబ్రరీలో నేను కూర్చునే కుర్చీ వెనక ఇనప ర్యాకు ఒకటుంది. దాని పైఅరలో, బైండు చేసిన పాత పత్రికల వెనక, ఆ డబ్బా. ఒకప్పుడు బిస్కెట్లు వచ్చిన డబ్బా. నేను తల తిప్పి చూడను. చూడకపోయినా అది అక్కడుందని తెలుస్తూనే ఉంటుంది. ఫ్యాను గాలికి పైన ఏ కాగితమో రెపరెపలాడితే చాలు, డబ్బా మూత ఊడిందేమో అనుకుంటాను.

మీరెవరో నాకు తెలీదు. అదే నయం. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు. మా ఆయనకి చెప్పలేదు. మా అమ్మకి చెప్పలేదు. చెప్పుంటే ముందు చెంప పగలగొట్టి, తర్వాత నాకంటే ఎక్కువ ఏడ్చేది. ఇప్పుడు ఆవిడా లేదు. అందుకని మీకు చెబుతున్నాను. మధ్యలో భయమేసి ఆపేస్తానేమో. ఆపకుండా ఉండాలని మీరైనా కోరుకోండి.

నేనొక యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంటుని. గుంటూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళొస్తాను. మా లైబ్రరీలో పాతవి దాచే గది ఒకటుంది. తాటాకు పుస్తకాలు, చేతిరాత పుస్తకాలు, ఊళ్ళ నుంచి జనం తెచ్చిచ్చిన పాత కాగితాలు. ఆ గది నా చేతి కింద ఉంటుంది. తాళంచెవి కూడా నా దగ్గరే. నమ్మి ఇచ్చారు. ఈ ‘నమ్మి’ అనే మాట దగ్గర కలం కాసేపు ఆగింది. మీకు కనపడదులెండి.

తొమ్మిదేళ్ళ కింద, ఏరువాక వెళ్ళిన వారానికి, ఒక పెద్దాయన ఆ గదికి వచ్చారు. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, భుజాన తుండు, చంకలో ఎర్రగుడ్డ మూట. పేరు సుభానీ. మార్టూరు అవతల ఒక పల్లె వాళ్ళది. తరతరాలుగా పశువుల వైద్యం చేసే ఇల్లు. మూట నా బల్ల మీద పెట్టేముందు ఆయన తన తుండుతో బల్ల తుడిచారు. నాకు చురుక్కుమంది. నా బల్ల నేను తుడుచుకోనా అనుకున్నాను. అంత పొగరుండేది నాకు ఆ గది మీద.

మూట విప్పితే తాటాకు పుస్తకం. నూట పన్నెండు ఆకులు. ఎద్దులకీ గేదెలకీ వచ్చే జబ్బులు, వాటి మందులు, అంతా తెలుగులోనే, వాళ్ళ ముత్తాత ఘంటంతో గీసింది. ఏటా ఏరువాక రోజు పొద్దున్నే ఊళ్ళో రైతులు ఎద్దుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, ముందుగా వీళ్ళ వాకిట్లోకి తోలుకొచ్చేవాళ్ళట. ఇంటిపెద్ద ఒక ఆకు పైకి చదివి, ఎద్దుల మెడలు తడిమి చూసి పంపితే గానీ ఆ ఊళ్ళో అరక కట్టేవాళ్ళు కాదట. ఇప్పుడన్నీ ట్రాక్టర్లే, దేని మెడ తడమను అమ్మాయ్, అని నవ్వారాయన.

ఇచ్చెయ్యడానికి కారణం కూడా చెప్పారు. ఆ పుస్తకం నాలుగు తరాలుగా వంటింటి అటక మీద, సరిగ్గా పొయ్యికి పైన ఉండేదట. పొగ తగులుతుంటే పురుగు రాదు. రెండేళ్ళ కింద తన ముసలావిడ దగ్గు చూడలేక గ్యాసు పొయ్యి పెట్టించారట. ఇక పొగ లేదు. మీ దగ్గర నూనె రాసి భద్రంగా ఉంచుతారని విన్నా, అందుకని తెచ్చా అన్నారు. ఆయన అడిగినవి రెండే. ఏడాదికోసారి ఏరువాక ముందు వచ్చి చూసుకుంటానన్నారు. ఎవరొచ్చి అడిగినా చూపించమన్నారు. మీ ముందు ఒక ఆకు చదువుతానని, వేలు పెట్టి మెల్లగా చదివారు. “ఎద్దు మెడ మీద పుండు పడితే ముందు కాడిని చూడు. తర్వాత మందు చూడు.” అక్షరాలు నేనూ చూశాను. శుభ్రంగా, నల్లగా, ఒక్క చిల్లు కూడా లేకుండా ఉన్నాయి. పొగకి ఆకు తేనెరంగు తిరిగింది. ఇది గుర్తుపెట్టుకోండి. పుస్తకం నిక్షేపంలా వచ్చింది.

మా పనికి ఒక పద్ధతుంది. కొత్తగా వచ్చిన తాటాకు కట్టని వారం లోపల విప్పాలి. ఒక్కో ఆకునీ కుంచెతో దులిపి, నిమ్మగడ్డి నూనె రాసి, నీడన ఆరబెట్టి, చెక్కల మధ్య కట్టి, కొత్త గుడ్డ చుట్టాలి. రిజిస్టర్లో ‘చేరేనాటి స్థితి’ అనే గడిలో ఎలా వచ్చిందో రాయాలి. నేను పేరు రాశాను, ఊరు రాశాను, ఆకుల లెక్క రాశాను. ఆ ఒక్క గడీ ఖాళీగా వదిలేశాను. నూనె రాసేటప్పుడు ఆకు ఆకూ చూసి రాద్దామనుకున్నాను.

నూనె అయిపోయింది. తెప్పించమని చీటీ పెట్టాను. తర్వాత అడ్మిషన్లొచ్చాయి, తనిఖీ వాళ్ళొచ్చారు, ఇంకోటొచ్చింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? ఎవరు అడిగారు? నూనె నెలలోపే వచ్చింది. సీసాలు నా బల్ల కిందే ఉన్నాయి. బద్ధకం. నూట పన్నెండు ఆకులు రెండు వైపులా తుడవాలంటే నడుము పడిపోతుంది, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం. అంతే. దీనికి వేరే పేరు పెట్టను.

ఊరికే కూర్చోలేదు, అదీ నా ఖర్మ. మా పుట్టింటివాళ్ళు ప్రకాశం వైపు పొగాకు రైతులు. మా అమ్మ పట్టుచీరల పెట్టెలో ఎప్పుడూ పొగాకు ముక్కలు వేసేది. ఆ ఘాటుకి పురుగు దరికి రాదని మా ఇంట్లో అదొక వేదవాక్కు. నేనూ అదే చేశాను. అన్నయ్య ఇచ్చిన పొగాకు రెండు కాడలు, నాలుగు ఎండు మిరపకాయలు, అమ్మ పాత ఆకుపచ్చ చీర ముక్కలో మూట కట్టాను. దాన్ని సుభానీ గారి ఎర్రగుడ్డ లోపల, పై ఆకు మీద పెట్టి, గుడ్డ మడిచి, బీరువాలో తోసేశాను. నూనె రాసేదాకా ఇది కాపలా ఉంటుందిలే అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో అని మెచ్చుకున్నాను కూడా. ఆ కట్ట మళ్ళీ ఏడాది దాకా విప్పలేదు.

ఏరువాక ఇంకో పదిరోజులుందనగా విప్పాను. పెద్దాయన వస్తారు, గుడ్డ దులిపి పెడదామని. గుడ్డ ఎత్తగానే కాఫీపొడిలాంటిది జలజలా రాలింది. ఏమిటిదని వేలితో తాకాను. పొడి కదిలింది. అందులో ఆవగింజంత గోధుమరంగు పెంకుపురుగులు. నా వేలు మీదికి పాకాయి. అరిచాననుకుంటాను. గదిలో ఎవరూ లేరు. పై ఆకులు పట్టుకుంటే విరిగిపోతున్నాయి. ఆకుల నిండా సూదితో గుచ్చినట్టు చిల్లులు. ఒక ఆకుకీ ఇంకో ఆకుకీ మధ్య మెత్తని పొడి. అడుగున ఉన్నవి మాత్రం కాస్త నయం. నా ఆకుపచ్చ మూట ఎక్కడ ఆనిందో అక్కడ ఆకు లేదు, జల్లెడ ఉంది.

మీరు నమ్ముతారా, నాకు పుస్తకం గుర్తురాలేదు, పెద్దాయన గుర్తురాలేదు. మొదట నా ఫైలు గుర్తొచ్చింది. నేనప్పటికి పర్మనెంటు కాలేదు. పదకొండేళ్ళుగా ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ నెలలోనే మా కొందరి పేర్లు పైకి పంపుతారని అనుకుంటున్నారు. ఇది బయటపడితే నా పేరు కొట్టేస్తారు. తలలో అదొక్కటే తిరిగింది. తలుపు గడియపెట్టాను. ఎవరైనా తలుపు కొడతారేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాను. అప్పుడు రిజిస్టరు తీశాను. ఖాళీ గడి నాకోసమే ఉన్నట్టుంది. ఏడాది కింద పేరూ ఊరూ రాసిన నీలం సిరా పెన్నే వెతికి పట్టుకుని రాశాను: ‘చేరేనాటికే లోపల పురుగు పట్టి ఉంది. చదువుటకు వీలులేదు.’

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. నాది అతికింది. రాత కూడా వణకలేదు.

మా లైబ్రేరియన్ మేడమ్‌కి చెప్పాను. అప్పుడున్నావిడ రిజిస్టరు చూశారు, కట్టని చూడలేదు. పల్లెల్లో ఎక్కడ పడితే అక్కడ పెడతారు, ఏం చేస్తాం అన్నారు. మిగతావాటికి అంటుకోకుండా తీసి పారెయ్యండి అన్నారు. సరేనన్నాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఎర్రగుడ్డ, ఆకులు, పొడి, నా మూట, అన్నీ కలిపి రేకు డబ్బాలో పోసి, మూత బిగించి, టేపు చుట్టి పైన పెట్టాను. మూట ఎందుకు తీసెయ్యలేదు? దాన్ని ముట్టుకోవడానికి భయం. ఇప్పటికీ ఇంతకంటే మంచి జవాబు లేదు నా దగ్గర.

చెప్పినట్టే ఏరువాక ముందు వచ్చారు సుభానీ గారు. చేతిలో తాటాకు బుట్ట, దాంట్లో లేత ముంజలు. నాకోసం తెచ్చారు.

“ఏమ్మాయ్, బాగున్నావా? ఏదీ మా పుస్తకం, ఓసారి మొహం చూసి పోతా.”

“కూర్చోండి సుభానీ గారూ. ఒక మాట చెప్పాలండి.”

ఆయన కూర్చోలేదు.

“పుస్తకం పాడైపోయిందండి. పురుగు తినేసింది.”

ఆయన నవ్వారు. “ఊరుకో అమ్మాయ్. నా చేత్తో విప్పి చూపించి పోయా గదా.”

“పైకి బాగానే ఉందండి. మీరు తెచ్చేనాటికే లోపల గుడ్లు పెట్టేసింది పురుగు. మనకి తెలీలేదు. ఇక్కడికొచ్చాక బయటపడింది.”

అప్పుడు కూర్చున్నారు. ముంజల బుట్ట ఒళ్ళో పెట్టుకున్నారు. నేను రిజిస్టరు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను, ఆయన దాన్ని అడుగుతారేమోనని. అడగలేదు. ఆయన అడిగింది వేరు.

“గ్యాసు పెట్టించి రెండేళ్ళు అటక మీదే ఉంది. అప్పుడు పట్టిందంటావా?”

“అయ్యుంటుందండి.”

“పొగ తగలకే?”

“అంతే అయ్యుంటుందండి.”

“నాలుగు తరాలు కాపాడారమ్మా. నా చేతిలో పోయింది.”

ఆయనే మళ్ళీ తలెత్తి అడిగారు. “మీ మిగతా పుస్తకాలకేం కాలేదు గదా? మా దాన్నుంచి వాటికి అంటుకోలేదు గదా?”

“లేదండి.”

“హమ్మయ్య. అదొక్కటి మేలు.” లేవబోయి ఆగారు. “ముక్కా చెక్కా ఏమన్నా మిగిలుంటే ఇయ్యమ్మాయ్, తీసుకుపోతా.”

డబ్బా మా ఇద్దరి తలల పైన ఉంది. స్టూలెక్కితే అందేది. కానీ డబ్బా తీస్తే మూట కనపడుతుంది. పొగాకు వాసన వస్తుంది. ప్రకాశం మనిషికి పొగాకు వాసన తెలీకుండా ఉంటుందా?

“పారేశామండి,” అన్నాను.

ఆయన తల ఊపారు. ముంజల బుట్ట నా బల్ల మీద పెట్టి, తుండు దులుపుకుని వెళ్ళిపోయారు. ఆ బుట్ట ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆయన తిని, భలే తియ్యగా ఉన్నాయి, ఎక్కడివే అన్నాడు. ఎవరో ఇచ్చారులే అన్నాను.

ఆ మరుసటి ఏడాది నేను పర్మనెంటయ్యాను. భయానికి కారణం పోయింది. భయం పోలేదు. ఇదేం విచిత్రమో చెప్పండి. ఏటా ఏరువాక దగ్గరపడితే మెట్ల మీద చెప్పుల చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. ఆయన మళ్ళీ రాలేదు. రాకపోతే హాయిగా ఉండాలి కదా? రాకపోతే ఇంకా భయమేసేది. లైబ్రరీలో ఎవరు ఏ మూల ‘పురుగు’ అన్నా నా చెయ్యి ఆగిపోయేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉండేది నా బతుకు.

ఇంకో మాట ఉంది. ఆయన చదివిన ఆ ఆకు పై ఆకుల్లోది. అది పొడయిపోయింది. ‘ముందు కాడిని చూడు, తర్వాత మందు చూడు’ అనే మాట కాగితం మీద గానీ ఆకు మీద గానీ ఇప్పుడు ఎక్కడా లేదు. నా నోట్లో ఉంది. ఎన్నిసార్లో నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. అంటే ఎక్కడ చదివావంటారు. చదవడానికి వీల్లేదని రాసింది నువ్వే కదా అంటారు.

నాలుగేళ్ళ కింద పాత పుస్తకాలు కాపాడటం మీద శిక్షణ పెట్టారు. బయటి ఊరు నుంచి ఒకాయన వచ్చి తెర మీద బొమ్మలు చూపిస్తూ చెబుతున్నాడు. నేను వెనక వరసలో ఉన్నాను. ఒక బొమ్మ వేశాడు. గోధుమరంగు పెంకుపురుగు, తెర నిండా. ఇది పొగాకుని తినే పురుగు, ఎండు మిరపకాయల్లోనూ ఉంటుంది, అక్కడి నుంచి పుస్తకాల్లోకీ తాటాకుల్లోకీ వస్తుంది అన్నాడు. మీ వైపు చాలామంది పురుగు రాకుండా పొగాకు పెడతారు, అది పురుగుని పిలిచి పీటేసినట్టే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే చూస్తారని. అప్పటిదాకా నాకొక చిన్న ఓదార్పు ఉండేది, ఏమో, నిజంగానే వాళ్ళింటి నుంచే వచ్చిందేమో, నేను అన్నది అబద్ధమైనా నిజమయ్యుండొచ్చేమో అని. ఆ రోజుతో అదీ పోయింది. నూనె రాయకపోవడం ఒక్కటే కాదు. పురుగుని నా చేత్తో, మా అమ్మ చీర ముక్కలో కట్టి, తీసుకెళ్ళి ఆ పుస్తకం మీద పెట్టాను.

ఆ మరుసటి ఆదివారం బస్సెక్కాను. మార్టూరులో దిగాను. రోడ్డు పక్కనంతా రాళ్ళ పాలిషింగు యూనిట్లు, చెట్ల మీద కూడా తెల్లటి దుమ్ము. అక్కడి నుంచి ఆయన పల్లెకి ఆటో. ఆటో అతను ఎక్కండమ్మా, ఎవరింటికి అని అడిగాడు. సుభానీ గారింటికి అనాలి. అంత చిన్న మాట. ఎవరింటికీ కాదు బాబూ అన్నాను. నిమ్మసోడా తాగాను. అవతలి వైపుకి వెళ్ళి గుంటూరు బస్సెక్కాను. ఆయన అప్పటికి బతికే ఉన్నారు. ఆ తర్వాత ఏడాది పాటు బతికే ఉన్నారు. ఈ సంగతి నాకు పోయిన వారమే తెలిసింది.

ఎలా తెలిసిందో చెబుతాను. ఈ ఏడాది మా లైబ్రరీలో పాతవాటన్నిటికీ ఫొటోలు తీసి నెట్‌లో పెడుతున్నారు. ప్రపంచంలో ఎవరైనా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. మంచి పని. నాకు మాత్రం కెమెరాల వాళ్ళు వచ్చిన రోజు నుంచి అన్నం సయించడం లేదు. ముందుగా జాబితా పెట్టారు. రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. ఆ జాబితాలో, అందరూ చూసే చోట, ఆయన పేరు, పక్కనే నా రాత: చేరేనాటికే లోపల పురుగు పట్టి ఉంది. ఫొటో తీయనక్కర్లేనివాటిలో వేశారు.

వారం కింద ఇప్పటి మేడమ్ ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఎవరో మెయిల్ పెట్టారు, ఆ గది మీదే కదా, జవాబు మీరే రాయండి అన్నారు. రాసింది సుభానీ గారి మనవరాలు, రేష్మా. పశువుల డాక్టరట. ఫోన్లో జాబితా చూసిందట. తాత మూడేళ్ళ కింద పోయాడని రాసింది. మీ దగ్గర నుంచి వచ్చిన రోజే మా తాత వాకిట్లో మట్టి పొయ్యి మళ్ళీ పెట్టించాడు, గ్యాసు ముట్టుకోనివ్వలేదు, ఇంట్లో ఇక ఏదీ నా వల్ల పాడవకూడదు అనేవాడు అని రాసింది. చివరిదాకా పొలాల వెంట తిరిగి పత్తికట్టె ఏరుకొచ్చేవాడట. ఆ పొగలో వాళ్ళ జేజి, అంటే ఆ ముసలావిడ, వండేదట. జేజికి దగ్గు ఇంకా తగ్గలేదట. ఏరువాక వస్తే తాత ఇల్లు కదిలేవాడు కాదు, ఎవరైనా పుస్తకం మాటెత్తితే నేనే పోగొట్టాను అనేవాడు అని రాసింది. అడిగింది ఒక్కటే. పారేశారని తాత చెప్పాడు, అయినా ఒక్క ముక్క ఎక్కడైనా మిగిలుంటే చూపిస్తారా, సోమవారం వస్తాను.

సోమవారం పదింటికి రండి అని మాత్రం జవాబు రాశాను.

ఎన్నిసార్లు అడుగుతున్నానో నన్ను నేను. నేను పుస్తకాన్ని చంపానా, మనిషిని చంపానా? ఆ ముసలావిడ దగ్గుకి ఎవరిది పూచీ? ఒక్క గడి నింపడానికి నాకు అర నిమిషం పట్టింది. అర నిమిషం రాతకి ఒక మనిషి అయిదేళ్ళు తలొంచుకుని కట్టెలేరాడు. ఇంకా సిగ్గులేని మాట చెప్పనా? ఇంత తెలిశాక కూడా ఈ వారంలో మూడుసార్లు అనుకున్నాను, డబ్బా తీసుకెళ్ళి కాలవలో పడేస్తే పీడా విరగడవుతుందని. సంచీ కూడా తెచ్చుకున్నాను. ఇదీ నేను.

నిన్న శనివారం. సాయంత్రం అందరూ వెళ్ళాక స్టూలెక్కి డబ్బా దించాను. టేపు కోసి మూత తీశాను. పొగాకు ఘాటు ఇంకా ఉంది. మూట అలాగే ఉంది, ఆకుపచ్చ రంగు వెలిసి. చచ్చిన పురుగులు. అడుగునున్న ఆకులు ఒక్కొక్కటీ తీసి కుంచెతో దులిపాను. ముప్ఫై ఎనిమిది చదవడానికి వస్తాయి. ఎనిమిదేళ్ళ కింద లెక్కపెట్టి ఉంటే ఇంకెన్ని ఉండేవో. నేను దాక్కున్న ఒక్కో ఏడాదికీ కొన్ని పోయి ఉంటాయి. ఆ లెక్క నాకెవరూ చెప్పలేరు.

ఆకుల్ని, పొడిని, మూటని, అన్నీ ఒక ట్రేలో పరిచి ఫొటోలు తీసే బల్ల మీద పెట్టాను. మూట తీసేద్దామా అని చెయ్యి వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. రిజిస్టర్లో నా పాత రాత మీద ఒక గీత గీశాను, కింద మాటలు కనపడేలా. దాని పక్కన రాశాను: ‘చేరేనాటికి బాగుంది. నూనె రాయలేదు. పొగాకు మూట పెట్టింది నేనే. దాతది తప్పు లేదు.’ సంతకం పెట్టి నిన్నటి తేదీ వేశాను. గదికి తాళం వేసి, తాళంచెవి గేటు దగ్గర వాచ్‌మన్ చేతికిచ్చాను, సోమవారం మేడమ్‌కి ఇవ్వమని. నా దగ్గరుంటే రాత్రికే వెళ్ళి అన్నీ సర్దేసేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

ఇవాళ ఆదివారం. పొద్దున్నుంచి నాలుగుసార్లు లేచి, గేటు దగ్గరికి వెళ్ళి తాళంచెవి అడుక్కొద్దామా అనుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను ఒకసారి. రేపేమవుతుందో తెలీదు. మెమో ఇస్తారో, ఇంటికి పంపుతారో. పేపర్లో వస్తే మా ఆయన మొహం ఎలా చూడాలో. క్షమించమని ఎవర్నీ అడగను. అడగాల్సిన మనిషి లేరు. మీకు చెప్పినందుకు మాత్రం, ఇందాక రెండు ముద్దల అన్నం దిగింది. వారం తర్వాత.

అన్నిటికంటే భయం ఆ పిల్ల మొహం. రేపు పదింటికి వస్తుంది. ఏం చెప్పాలో పొద్దుటి నుంచి వల్లెవేస్తున్నాను, చిన్నప్పుడు ఎక్కాలు వల్లెవేసినట్టు. మీ పొయ్యి తప్పేం లేదమ్మా. పుస్తకం నిక్షేపంలా వచ్చింది. మీ తాత నా ముందు కూర్చుని, వేలు పెట్టి చదివారు. ఎద్దు మెడ మీద పుండు పడితే ముందు...

అక్కడికొచ్చేసరికి ఆగిపోతున్నాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాను. మీ పొయ్యి తప్పేం లేదమ్మా.